డీజిల్ పికప్‌లో బయోడీజిల్ మిశ్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నా పికప్‌లో బయోడీజిల్ పోస్తున్నానని ఒకసారి నోరు జారాను. అప్పటి నుంచి అడిగేవాళ్లు ఆగలేదు. అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి అలిసిపోయి, ఇక రాసి పెట్టేద్దామని కూర్చున్నాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబు ఆ జవాబే చదువుకోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు. నేను మెకానిక్‌ని కాను. పాత డీజిల్ పికప్‌ను ఏళ్లుగా బి20తో, అంటే 20 శాతం బయోడీజిల్ కలిపిన డీజిల్‌తో, నడుపుతున్నవాణ్ని, అంతే.

## మొదలుపెట్టే ముందు

బయోడీజిల్ అంటే వంటనూనే కదా? డబ్బాలోది తీసి నేరుగా ట్యాంకులో పోస్తే ఏమవుతుంది?

మొదట్లో ఏమీ కాదు. బండి నడుస్తుంది కూడా. అసలు చిక్కు అక్కడే ఉంది, నడిచింది కాబట్టి పర్వాలేదనుకుంటాం. వంటనూనె డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఇంజెక్టర్ దాన్ని సన్నటి తుంపరగా కొట్టలేదు. సరిగా కాలని నూనె ఇంజెక్టర్ మొన మీద, పిస్టన్ రింగుల సందుల్లో మసిగా గట్టిపడుతుంది. కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని జిగురులా మార్చేస్తుంది.

బయోడీజిల్ వేరు. నూనెకు మెథనాల్ కలిపి, కాస్టిక్ సోడా లాంటి క్షారంతో చర్య జరిపిస్తే గ్లిజరిన్ అడుగుకు దిగిపోతుంది. పైన తేలే మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. లెక్క గుర్తుంచుకోవడం తేలిక: 100 కిలోల నూనెకు సుమారు 10 కిలోల మెథనాల్ వేస్తే, ఇంచుమించు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా వచ్చేస్తుంది.

1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది కదా అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. నడిచింది, నిజమే. ఆ ఇంజిన్‌కు ఎక్కువ ఒత్తిడితో సన్నటి తుంపర కొట్టే కామన్ రైల్ ఇంజెక్టర్లు లేవు. మీ బండికి ఉన్నాయి.

బి5, బి20, బి100 అంటే ఏమిటి?

మిశ్రమంలో బయోడీజిల్ శాతం. బరువును బట్టి కాదు, పరిమాణాన్ని బట్టి. 100 లీటర్ల బి20లో 20 లీటర్లు బయోడీజిల్, 80 లీటర్లు మామూలు డీజిల్. బి100 అంటే అచ్చంగా బయోడీజిలే.

మా బండికి ఎంత శాతం దాకా పోయొచ్చు?

బండితో వచ్చిన మాన్యువల్‌లో ఇంధనం గురించి ఉన్న పేజీ తీయండి. కొన్ని బండ్లకు ట్యాంకు మూత లోపలి వైపే రాసి ఉంటుంది. అక్కడున్న అంకెను నా మాట కంటే, ఇంకెవరి మాట కంటే ఎక్కువగా నమ్మండి.

స్థూలంగా చెప్పాలంటే, బి5 దాకా ఏ డీజిల్ బండికైనా టెన్షన్ అక్కర్లేదు. అమెరికా డీజిల్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి975 ప్రకారం 5 శాతం వరకు బయోడీజిల్ ఉన్నా అది మామూలు డీజిలే. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం 7 శాతం వరకు. అంటే మీకు తెలియకుండానే ఇప్పటికే కొంత వాడుతూ ఉండవచ్చు. 6 నుంచి 20 శాతం మిశ్రమాలకు ఏఎస్‌టీఎం డి7467 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. చాలా పికప్‌లను బి20కి అనుమతిస్తారు, కొన్నిటిని బి5 దగ్గరే ఆపేస్తారు. బి20 దాటడం మాత్రం తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వద్దంటాను.

వారంటీ పోతుందా?

అనుమతించిన శాతం లోపల, ప్రమాణానికి తగ్గ ఇంధనం వాడితే అదొక్కటే కారణంగా వారంటీ మొత్తం రద్దవదు. కానీ వారంటీ అనేది బండి తయారీలో లోపానికి ఇచ్చే హామీ. చెడ్డ ఇంధనం వల్ల పాడైతే, అది మామూలు డీజిల్ అయినా సరే, తయారీదారు బాధ్యత తీసుకోడు. అప్పుడు మీ గొడవ ఇంధనం అమ్మినవాడితో. కాబట్టి బిల్లులు దాచుకోండి. బిల్లు మీద మిశ్రమం శాతం రాసి ఉందో లేదో అక్కడే చూసుకోండి.

రెన్యూవబుల్ డీజిల్ అని అమ్ముతున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

కాదు. ముడిసరుకు ఒకటే కావచ్చు, వంట వేరు. రెన్యూవబుల్ డీజిల్‌ను హైడ్రోజన్‌తో శుద్ధి చేసి, నూనెలోని ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తారు. మిగిలేది పెట్రోలియం డీజిల్‌లో ఉండే రకం హైడ్రోకార్బన్లే. బయోడీజిల్ బరువులో సుమారు 11 శాతం ఆక్సిజనే. దాని మంచి గుణాలూ, గొడవలూ చాలావరకు ఆ ఎస్టర్ రూపం నుంచి వచ్చినవే. ఇక్కడ రాసిన జాగ్రత్తలు రెన్యూవబుల్ డీజిల్‌కు వర్తించవు.

మాది పాత బండి. రబ్బరు పైపులు కరిగిపోతాయంటున్నారు, నిజమేనా?

కరగవు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరికి చెమర్చడం మొదలుపెడతాయి. సహజ రబ్బరు, నైట్రైల్ రబ్బరు పైపులకు, ఓ-రింగులకు బి100 పడదు. బి20తో అదే పని చాలా నెమ్మదిగా జరుగుతుంది, కొన్నింట్లో అసలు జరగదు. 1990ల మధ్య నుంచి వచ్చిన బండ్లలో ఎక్కువగా ఫ్లోరోకార్బన్ రబ్బరు వాడుతున్నారు, దానికి బయోడీజిల్ వల్ల ఇబ్బంది లేదు. అంతకంటే పాత బండి అయితే పైపులు ఒకసారి మార్పించి మొదలుపెట్టడం మంచిది.

నా బండిలో మొదట లొంగింది ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే సన్న రిటర్న్ పైపు. కారలేదు. వేలితో రాస్తే తడి తగిలేది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి పట్టీ చుట్టినట్టు కనిపించేది. వేళ్లతో నొక్కితే కొత్త పైపులా వెంటనే తిరిగి లేవకుండా సొట్టగా ఉండిపోయేది. మీరూ అలాగే నొక్కి చూడండి, ఏ పరికరమూ అక్కర్లేదు.

రబ్బరుతో పాటు లోహాలనూ చూడాలి. రాగి, ఇత్తడి, కంచు, సీసం, తగరం, జింకు తగిలితే బయోడీజిల్ త్వరగా చెడిపోయి మడ్డి కడుతుంది. ట్యాంకుకు ఇత్తడి జాయింటో, నిల్వ డబ్బాకు జింకు పూతో ఉంటే మార్చండి. స్టీలు, అల్యూమినియం మంచివే.

కొనేటప్పుడు మంచిదో కల్తీదో ఎలా తెలుసుకోవాలి?

కలిపిన బయోడీజిల్ ఏఎస్‌టీఎం డి6751 గానీ ఈఎన్ 14214 గానీ, లేదా మీ దేశంలో దానికి సమానమైన ప్రమాణం గానీ అందుకుందా అని అడగండి. ఆ ప్రశ్నకు అమ్మేవాడు తెల్లముఖం వేస్తే అక్కడి నుంచి వచ్చేయండి. ఈ ప్రమాణాల్లో ముఖ్యంగా చూసేవి మిగిలిపోయిన గ్లిజరిన్, నీరు, మెథనాల్, ఆమ్లత, నిల్వకు తట్టుకునే శక్తి. డి6751 ప్రకారం మొత్తం గ్లిజరిన్ 0.24 శాతం దాటకూడదు. ఇంత చిన్న అంకెలు కంటికి ఆనవు, ల్యాబులోనే తేలాలి.

కంటితో చూడగలిగింది ఒకటి ఉంది. శుభ్రమైన గాజు సీసాలో కొంచెం పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. రంగు లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఏదైనా కావచ్చు, రంగు గురించి పట్టించుకోకండి. తేటగా ఉండాలి. సీసా వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలగాలి. మసకగా ఉంటే నీరు కలిసి ఉండవచ్చు, లేదా చలికి మైనం కడుతూ ఉండవచ్చు. గది వేడికి వచ్చాక కూడా మసక పోకపోతే పోయకండి.

## మొదటి రెండు మూడు ట్యాంకులు

బి20 పోసిన వారానికే ఫిల్టర్ మూసుకుపోయింది. బయోడీజిల్ చెడ్డదన్నట్టేనా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. బయోడీజిల్‌ను చాలామంది వదిలేసింది కూడా ఇక్కడే.

బయోడీజిల్‌కు కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి డీజిల్ వాడిన ట్యాంకు గోడలకు, పైపుల లోపల ఒక జిగట పొర పేరుకుని ఉంటుంది. మామూలు డీజిల్ దాన్ని కదపదు. బయోడీజిల్ దాన్ని నానబెట్టి ఊడదీస్తుంది. ఊడిన మడ్డి ఎక్కడికి పోతుంది? నేరుగా ఫిల్టర్‌కే.

నా బండికి మొదటి ఫిల్టర్ 400 కిలోమీటర్లు కూడా రాలేదు. ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి అందనట్టు కొట్టుకుని ఆగింది. తీసిన ఫిల్టర్‌ను కుతూహలం కొద్దీ రంపంతో కోసి చూశాను. కొత్తగా ఉన్నప్పుడు పాలమీగడ రంగులో ఉండే కాగితం మడతలు తారు పూసినట్టున్నాయి. మడత విప్పి గోటితో గీకితే నల్లటి ముద్ద వచ్చింది, మధ్యలో తుప్పు రేణువులు మెరిశాయి. అది బయోడీజిల్ మడ్డి కాదు. అంతకు ముందు పదేళ్లు పోసిన డీజిల్ మడ్డి. రెండో ఫిల్టర్ బూడిద రంగు తేలింది. మూడోది మామూలుగా సర్వీసు గడువు వరకు వచ్చింది.

కాబట్టి మొదలుపెట్టే రోజే రెండు ఫిల్టర్లు కొని బండిలో పెట్టుకోండి, మార్చడానికి కావలసిన పానాతో సహా. మొదటి ట్యాంకు అయిపోగానే, మూసుకుపోయినా పోకపోయినా, ఒకటి మార్చేయండి. మూడు నాలుగు మార్చినా అదే నల్లటి మడ్డి వస్తుంటే మాత్రం ట్యాంకు దింపి కడిగించాల్సిందే. కొత్త బండి అయితే ఈ బాధ దాదాపు ఉండదు.

ఒకేసారి బి20కి వెళ్లాలా, తక్కువతో మొదలుపెట్టాలా?

పాత బండి అయితే బి5, బి10 మీదుగా నెమ్మదిగా వెళ్లండి. మడ్డి ఒక్కసారిగా ఊడిరాదు. రెండు మూడేళ్ల బండి అయితే నేరుగా బి20 పోసుకోవచ్చు. ఎలా వెళ్లినా మొదటి నెల దూర ప్రయాణాలు, బరువు లోడ్లు పెట్టుకోకండి.

బి100 కొని నేనే ట్యాంకులో కలుపుకోవచ్చా? ఏది ముందు పోయాలి?

కలుపుకోవచ్చు. బయోడీజిల్ డీజిల్ కంటే కొంచెం బరువు: లీటరుకు సుమారు 0.88 కిలోలు, డీజిల్ 0.84 ప్రాంతం. బరువైనది కింద పడితే అక్కడే కూర్చుంటుంది. అందుకే ముందు సగం డీజిల్, తర్వాత బయోడీజిల్, దాని మీద మిగతా డీజిల్ ధారగా పట్టిస్తే పోసేటప్పుడే కలిసిపోతుంది. ఒకసారి కలిశాక మామూలు వేడిలో మళ్లీ విడిపోవు. చలిరోజుల్లో మాత్రం చల్లబడిన బయోడీజిల్‌ను చల్లటి డీజిల్ మీద పోయకండి, కలవకముందే గడ్డకట్టవచ్చు.

లెక్కలో ఒక మెలిక ఉంది. 60 లీటర్ల ట్యాంకులో 12 లీటర్ల బయోడీజిల్, 48 లీటర్ల డీజిల్ పోస్తే బి20 అనుకుంటాం. ఆ డీజిల్‌లో ముందే 5 శాతం బయోడీజిల్ ఉంటే, 48 లీటర్లలో మరో 2.4 లీటర్లు చేరాయి. మొత్తం 14.4 లీటర్లు, అంటే బి24. బి20 గీత దాటకూడని బండి అయితే 9 లీటర్లతో ఆపండి.

పోసేటప్పుడు బండి రంగు మీద ఒలికింది. పర్వాలేదా?

వెంటనే తుడిచి సబ్బు నీళ్లతో కడగండి. ముఖ్యంగా బి100 అయితే. రోజుల తరబడి వదిలేస్తే పెయింట్ మెత్తబడి పొరలు లేస్తుంది.

తుడిచిన గుడ్డ గురించి రంగు కంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. బయోడీజిల్‌లో తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, గాలితో చర్య జరిగి లోపల వేడి పుట్టి, వాటంతట అవే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో నానబెట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో వేయండి.

## రోజూ నడిపేటప్పుడు

మైలేజీ ఎంత పడిపోతుంది?

బి100లో లీటరుకు శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. ఆ లెక్కన బి20లో 1 నుంచి 2 శాతం. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 11.8 ఇస్తుంది. టైర్లలో గాలి తక్కువైనా, కిటికీలు తెరిచి నడిపినా అంతకంటే ఎక్కువే పోతుంది. బి20తో మైలేజీ 10 శాతం పడిపోయిందని ఎవరైనా అంటే, ముందు ఫిల్టర్ చూడమంటాను.

బరువు లాగేటప్పుడు పికప్ బండికి పికప్ తగ్గుతుందా?

బి20తో తేడా తెలియదు. బి100తో, నిండు లోడుతో, ఎత్తు మీద కొంచెం తెలుస్తుంది.

ఇంజిన్ శబ్దం మెత్తబడినట్టుంది. నా భ్రమా?

కొంత భ్రమ, కొంత నిజం. బయోడీజిల్ సీటేన్ సంఖ్య సాధారణంగా 47కు పైన ఉంటుంది, అమెరికా డీజిల్‌కు కనీసం 40 చాలు. సీటేన్ ఎక్కువైతే ఇంధనం త్వరగా అంటుకుంటుంది, టకటక కొట్టుకోవడం తగ్గుతుంది. మీ దగ్గర దొరికే డీజిల్‌కే ముందు నుంచీ సీటేన్ ఎక్కువైతే ఈ తేడా వినిపించదు.

వినిపించని లాభం ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే అసలు లాభం. గంధకం తీసేసిన ఈనాటి డీజిల్‌కు జారుడు గుణం తక్కువ. పంపు, ఇంజెక్టర్ లోపలి భాగాలకు ఇంధనమే నూనె, వేరే నూనె అందదు. 1 నుంచి 2 శాతం బయోడీజిల్ కలిసినా ఆ లోటు తీరుతుంది. అంటే ఈ లాభం కోసం బి20 కూడా అక్కర్లేదు, బి2 చాలు.

పొగ వేపుడు వాసన వస్తోంది. ఏమైనా తేడానా?

ఏమీ లేదు. అందరికీ వస్తుంది. బి20లో లీలగా, బి100లో గట్టిగా.

డీపీఎఫ్ ఉన్న బండికి ఇది మంచిదా చెడ్డదా?

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్. దానికి రెండు వైపుల నుంచి చూడాలి.

మంచి వైపు: బయోడీజిల్‌తో మసి తక్కువ పుడుతుంది, పుట్టిన మసి కొంచెం తక్కువ వేడికే కాలిపోతుంది. డీపీఎఫ్ నిండటానికి ఎక్కువ సమయం పడుతుంది.

చెడ్డ వైపు రెండు ముక్కలు. మొదటిది బూడిద. తయారీలో వాడిన సోడియం, పొటాషియం సరిగా కడగకపోతే ఇంధనంలో మిగులుతాయి. అవి కాలి బూడిదై డీపీఎఫ్‌లో ఉండిపోతాయి, మసిలా కాలిపోవు. అందుకే ప్రమాణాల్లో బి100కు ఈ రెండూ కలిపి పది లక్షల్లో 5 భాగాలు దాటకూడదని పరిమితి పెట్టారు. సొంతంగా చేసిన బయోడీజిల్‌ను డీపీఎఫ్ బండిలో పోయొద్దని నేను మొండికేసేది ఇందుకే. రెండోది ఇంజిన్ ఆయిల్ పలచబడటం. మసి కాల్చే సమయంలో కొన్ని ఇంజిన్లు సిలిండర్‌లోకే ఆలస్యంగా అదనపు ఇంధనం కొడతాయి. అందులో కొంత గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డీజిల్ అయితే వేడికి చాలావరకు ఆవిరై పోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ, 350 డిగ్రీల ప్రాంతం. అది పోదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది. అదనపు ఇంధనాన్ని సైలెన్సర్ పైపులోకే వేరే ఇంజెక్టర్‌తో కొట్టే బండ్లకు ఈ బాధ లేదు.

ఇంజిన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

డీపీఎఫ్ లేని బండికి, బి20 వరకు, మామూలు గడువే. డీపీఎఫ్ ఉండి, ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగే బండి అయితే తయారీదారు కఠిన వాడకానికి చెప్పిన తక్కువ గడువు పాటించండి. డిప్‌స్టిక్ వారానికోసారి చూడండి. ఆయిల్ మట్టం తగ్గితే అందరూ కంగారు పడతారు. ఇక్కడ కంగారు పడాల్సింది పెరిగితే. పై గీత దాటిందంటే అందులో ఇంధనం దిగినట్టే, ఆలస్యం చేయకుండా మార్పించండి.

నాక్స్ పెరుగుతుందట కదా, మరి పర్యావరణానికి మంచిదెలా అవుతుంది?

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో అప్పటి ఇంజిన్ల పరీక్షలన్నీ కలిపి చూసింది. బి20తో మసి రేణువులు సుమారు 10 శాతం, కాలని హైడ్రోకార్బన్లు సుమారు 20 శాతం, కార్బన్ మోనాక్సైడ్ సుమారు 11 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు, అంటే మీరడిగిన నాక్స్, 2 శాతం పెరిగాయి. యూరియా ద్రావణం కొట్టి నాక్స్‌ను తగ్గించే ఎస్‌సీఆర్ అనే ఏర్పాటు ఉన్న కొత్త బండ్లలో ఆ చిన్న పెరుగుదల సైలెన్సర్ చివరికి చేరేలోపే అణిగిపోతుంది.

## చలిలో

తెల్లవారుజామున స్టార్టయింది, రెండు నిమిషాలకే ఆగిపోయింది. ఎందుకు?

ఫిల్టర్ దగ్గర మైనం కట్టింది. పైపుల్లో, పంపులో మిగిలి ఉన్న ఇంధనంతో స్టార్టవుతుంది. అది అయిపోయి ట్యాంకు నుంచి కొత్త ఇంధనం రావాల్సిన సమయానికి ఫిల్టర్ కాగితం మీద మైనపు పలుకులు అట్టకట్టి ఉంటాయి. నెయ్యి పేరుకున్నట్టే ఇదీ. ముందు మసకబారుతుంది, తర్వాత పలుకులు కడుతుంది, ఆ తర్వాత గడ్డ. మసకబారే ఉష్ణోగ్రతను క్లౌడ్ పాయింట్ అంటారు. బండి ఆగేది పూర్తిగా గడ్డకట్టినప్పుడు కాదు, అంతకు ముందే.

అలా ఆగితే స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ చంపుకోకండి. బండిని వెచ్చటి చోటికి తోయించి కొన్ని గంటలు వదిలేయండి. లేదా ఫిల్టర్ మీద వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టండి. మంట దగ్గరికి తీసుకురావద్దు. బండి ఆగిన కోపంలో చేతికేది దొరికితే అది వెలిగించేవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఏ నూనెతో చేసిన బయోడీజిల్ చలికి బాగా తట్టుకుంటుంది?

ఆవనూనె జాతికి చెందిన కనోలా, రేప్‌సీడ్ నూనెలది ముందు వరుస, సున్నా కంటే కొన్ని డిగ్రీల కింద మసకబారుతుంది. సోయాది సున్నా దగ్గర. పామాయిల్, జంతువుల కొవ్వుతో చేసింది 12 నుంచి 16 డిగ్రీల దగ్గరే మసకబారవచ్చు. ఇవన్నీ బి100 అంకెలు. వాడేసిన వంటనూనెతో చేసింది ఆ నూనె ఏదన్న దాని మీద ఆధారపడుతుంది. బి20లో ఈ తేడాలు బాగా తగ్గిపోతాయి, కానీ మాయం కావు. నూనె గదిలో ఏ చలికి పేరుకుంటుందో, దాని బయోడీజిల్ కూడా ఇంచుమించు ఆ వరుసలోనే ఉంటుందని గుర్తు.

చలికాలంలో మందు కలిపితే సరిపోతుందా? కిరోసిన్ కలపమంటున్నారు.

మందుల్లో చాలావరకు మైనపు పలుకుల్ని చిన్నవి చేస్తాయి, క్లౌడ్ పాయింట్‌ను కిందికి దించవు. పైగా ఎక్కువ మందులు డీజిల్ మైనం కోసం చేసినవి, బయోడీజిల్ మీద అంతగా పనిచేయవు. డబ్బా మీద బయోడీజిల్ మిశ్రమాలకు అని రాసి ఉంటేనే కొనండి. మసకబారిన తర్వాత కలిపితే దండగ.

కిరోసిన్ కలిపితే క్లౌడ్ పాయింట్ నిజంగానే దిగుతుంది. కానీ గంధకం ఎక్కువున్న కిరోసిన్ డీపీఎఫ్‌నూ దాని ముందున్న క్యాటలిస్టునూ పాడు చేస్తుంది, బండిలో కిరోసిన్ పోయడం చాలా చోట్ల చట్టవిరుద్ధం కూడా. నేను చేసేది సులువు: చలి ముదిరే నెలల్లో బి5కి దిగిపోతాను, ఎండలు రాగానే మళ్లీ బి20.

## బండి ఆగి ఉంటే, ఇంధనం నిల్వ ఉంటే

రెండు మూడు నెలలు బండి తీయను. ట్యాంకులో బి20 ఉంచొచ్చా?

మూడు నెలల వరకు పర్వాలేదు. ట్యాంకు నిండుగా పెట్టండి, ఖాళీ జాగా ఉంటే గాలిలోని తేమ గోడలకు పట్టి నీరవుతుంది. ఆరు నెలలకు మించి ఆగే బండి అయితే మామూలు డీజిల్ నింపి, ఆ డీజిల్ పైపుల్లోకి వచ్చేదాకా కాసేపు నడిపి ఆపండి.

డబ్బాలో బి100 ఎన్నాళ్లు ఉంటుంది?

ఆరు నెలలకు మించి నమ్మను. బయోడీజిల్ కూడా నూనెలాగే కంపు కొడుతుంది. గాలి, వేడి, వెలుతురు, రాగి, ఇత్తడి, ఇవన్నీ దాన్ని తొందరపెడతాయి. చెడితే ఆమ్లంగా మారి, జిగురు కడుతుంది. మూత తీసి వాసన చూడండి. పాత పెయింట్ డబ్బా తెరిచినట్టు ఘాటు తగిలితే వాడకండి. నిండుగా నింపిన, వెలుతురు దూరని ప్లాస్టిక్ డబ్బా, నీడపట్టున. డబ్బా మీద తేదీ రాయడం మర్చిపోవద్దు, ఎప్పుడు కొన్నామో గుర్తుంటుందని అందరం అనుకుంటాం.

ట్యాంకు అడుగున నల్లటి చీమిడి లాంటిది వచ్చింది. ఏమిటది?

సూక్ష్మజీవులు. ఇంధనం కింద నీరు చేరితే, ఆ రెండూ కలిసే పొర దగ్గర బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. మామూలు డీజిల్‌లోనూ పెరుగుతాయి, కానీ బయోడీజిల్ నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, వాటికి తేలిగ్గా అరుగుతుంది కూడా. ముందు నీరు తీసేయాలి, తర్వాత డీజిల్ ట్యాంకుల కోసం అమ్మే జీవనాశిని వేయాలి, చచ్చిన మడ్డిని పట్టే ఫిల్టర్లను వరుసగా మార్చాలి. నీరు తీయకుండా మందు వేస్తే నెలలో మళ్లీ వస్తుంది. ఫిల్టర్ అడుగున ఉండే నీటి కుళాయిని నెలకోసారి తిప్పి ఒక గ్లాసులో పట్టే అలవాటు ఉంటే ఇంతదాకా రాదు.

## ఇంట్లో తయారీ

వాడేసిన నూనెతో ఇంట్లోనే చేసుకుంటే చవక కదా?

చవకే, లెక్కలో. చేయడం కూడా అంత బ్రహ్మవిద్య కాదు. కడగడం, ఆరబెట్టడం, పరీక్షించడం దగ్గరే అందరూ జారిపోతారు. కడగకపోతే సబ్బు, క్షారం మిగులుతాయి. ఆరబెట్టకపోతే నీరు. చర్య పూర్తికాకపోతే సగం మారిన నూనె మిగిలి ఇంజెక్టర్ల మీద గట్టిపడుతుంది. కొత్త కామన్ రైల్ బండిలో ఇది పోయడం నాకు సమ్మతం కాదు. ఇంజెక్టర్ల సెట్టు ధరకు ఎన్నో ట్యాంకుల డీజిల్ వస్తుంది.

పాత మెకానికల్ పంపు బండిలో పోస్తానంటారా, కనీసం ఈ రెండు పరీక్షలు చేయండి. ఒకటి: సీసాలో సగం బయోడీజిల్, సగం నీరు పోసి గట్టిగా కుదపండి. అరగంటలో రెండూ తేటగా విడిపోవాలి. మధ్యలో మజ్జిగ లాంటి తెల్లటి పొర నిలిచిపోతే సబ్బు ఉన్నట్టు. రెండు: 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి, గది వేడిలో కుదిపి వదిలేయండి. అడుగున చుక్కంత నూనె కూడా దిగకూడదు. దిగితే మారని నూనె ఉంది, మళ్లీ చర్య జరిపించాలి.

మెథనాల్ అంత ప్రమాదమా? స్పిరిట్ లాంటిదే కదా.

స్పిరిట్ అనుకునే చేతులు కాల్చుకునేది. మెథనాల్ మింగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. చర్మం గుండా, ఆవిరి గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. దాని మంట పట్టపగలు కంటికి సరిగా కనిపించదు. కాస్టిక్ సోడా కలిసిన మెథనాల్ ఇంకా ఘోరం, కంట్లో పడితే కన్ను దక్కడం కష్టం. ఇల్లు, వంటగది, మూసిన షెడ్డు, పిల్లలు తిరిగే చోటు, ఇవేవీ పనికిరావు.

## తేడా కొట్టినప్పుడు

మెకానిక్ ప్రతి రిపేరుకూ బయోడీజిలే కారణమంటున్నాడు. ఎలా తేల్చుకోవాలి?

నాకూ జరిగింది. బండి స్టార్ట్ కాకపోతే బయోడీజిల్ అన్నారు, చివరికి గ్లో ప్లగ్ రిలే పోయిందని తేలింది. ఇక్కడ వాదన పనికిరాదు, శాంపిల్ పనికొస్తుంది. ట్యాంకు నింపిన ప్రతిసారీ అర లీటరు సీసాలో కొంచెం పట్టి, తేదీ రాసి, తర్వాతి ట్యాంకు అయ్యేదాకా ఉంచండి. గొడవ వచ్చిన రోజు ఆ సీసా తేటగా ఉంటే ఒక దారి, అడుగున నీరో మడ్డో ఉంటే ఇంకో దారి. ఇంధనాన్ని అనుమానించే ముందు ఫిల్టర్, వాటర్ సెపరేటర్, పైపుల్లో గాలి లీకు, ఈ మూడూ చూడమనండి.

మళ్లీ మామూలు డీజిల్‌కు వెళ్లిపోతే ఏమైనా అవుతుందా?

బి20 నుంచి వెనక్కి వెళితే చాలా బండ్లకు ఏమీ కాదు. ఎక్కువ శాతంతో ఏళ్లు నడిచిన పాత బండిలో ఉబ్బి ఉన్న సీళ్లు మళ్లీ కుంచించుకుని పంపు దగ్గర కారడం మొదలవవచ్చు. మారిన వారం రోజులు రాత్రిపూట బండి కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున్నే తీసి చూడండి.